సున్నకును లేమికిని గల భేదము

జావాస్క్రిప్టు అను కంప్యూటరు భాషను 1995వ సంవత్సరమున నెట్‌స్కేపు సంస్థయందు బ్రెండన్ ఐక్ గారు నిర్మించిరి. దాని నభ్యసించువారికి తఱచుగా పొరపాటు కలిగించు నొక విషయమును మేమిచట వివరింతుము.

ఆ భాషలో ఆబ్జెక్టనగా పేరులును వాని విలువలును గల పట్టిక. అందలి యొక్కొక్క పేరును దాని విలువయుఁ గలిసి ప్రాపర్టీ యనఁబడును. ఒక బాలుని మార్కుల పట్టికను తీసికొందము. తెలుగు 62, గణితము 0 అని యందున్నది. జ్వరముచే నాతఁడు సామాన్యశాస్త్రపు పరీక్షకు రాలేదు గనుక ఆ పేరే పట్టికలో లేదు. సున్న వచ్చుట వేఱు, పరీక్షకు రాకుండుట వేఱు గదా!

లేని పేరు నడిగినచో జావాస్క్రిప్టు తప్పు పట్టదు. 'అన్‌డిఫైన్డ్' అని మాత్రము బదులిచ్చును. పేరులో నొక యక్షరము తప్పినను ఇదే బదులు. కాని ఆ అన్‌డిఫైన్డ్‌నుండి మఱియొక ప్రాపర్టీని కోరినచో టైప్‌ఎర్రరు కలిగి ప్రోగ్రాము నిలిచిపోవును. కావున ముందే విచారించుట యవసరము.

క్రొత్తవారు 'ఇఫ్' షరతులో ప్రాపర్టీని మాత్రము వ్రాసి యూరకుందురు. ఇది తగదు. సున్న, ఖాళీ స్ట్రింగు, ఫాల్స్, నల్ మొదలగునవియు అచట లేనివానివలెనే యెంచఁబడును. మన బాలుఁడు గణితపరీక్ష వ్రాసియు రానివాఁడగును. 62తో అన్‌డిఫైన్డును గూడినచో మొత్తము సంఖ్యయే కాకపోవును. దీనికి వెఱచి కొందఱు లేనిచోట నెల్ల 0 వేయుదురు. అప్పుడు జ్వరముతో మంచము పట్టినవానికి సున్న పడును. రెండును అన్యాయములే.

విలువను అన్‌డిఫైన్డ్‌తో మూడు సమానపు గుర్తులచేఁ బోల్చుట మేలు. రెండే గుర్తులు వ్రాసినచో నల్ కూడ సమానమగును. అయితే ఉన్న పేరునకే అన్‌డిఫైన్డ్ విలువగా నొసఁగఁబడి యుండవచ్చును. అట్టియెడ 'ఇన్' అను ఆపరేటరు పేరున్నదో లేదో తెలుపును. ఇది ప్రోటోటైపునుండి సంక్రమించిన పేరులను గూడ లెక్కించును. మనము వ్రాయని 'టుస్ట్రింగ్' సైత మున్నదనియే చెప్పును. పట్టిక సొంత పేరులనే చూడవలయునన్నచో 2022 నాటి ప్రమాణమునఁ జేరిన 'ఆబ్జెక్ట్ డాట్ హ్యాజ్‌ఓన్' తగినది. పట్టికలో పట్టిక యున్నచోట, 2020 నాటి ప్రమాణమునఁ జేరిన ప్రశ్నార్థకపు చుక్కను వాడినచో, లోపలి పట్టిక లేకున్నను ప్రోగ్రాము నిలిచిపోదు. అన్‌డిఫైన్డ్ అనియే బదులు వచ్చును.

విద్యార్థులారా! షరతు వ్రాయుటకు ముందు, పేరున్నదా యని యడుగుచున్నారో, విలువ యున్నదా యని యడుగుచున్నారో నిర్ణయించుకొనుఁడు. పిమ్మట ప్రోగ్రామును సున్నతో నొకసారియు, పేరే లేకుండ నొకసారియు నడిపి చూడుఁడు. రెంటికి నొకే ఫలితము వచ్చినచో మీ షరతును దిద్దవలసియున్నదని తెలిసికొనుఁడు.