కొండదారి జీపుకు టైరు ఎంత ఎత్తుండాలి?



కొరాపుట్, రాయగడ వైపు ఉన్న మన శ్రోతలకు వర్షాకాలంలో కొండదారులు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కర్లేదు. ట్రాక్టర్లు నడిచి నడిచి దారికి అటూ ఇటూ లోతుగా చాళ్లు పడతాయి. నడుమ ఎర్రమట్టి గట్టులా మిగులుతుంది. జీపు చక్రాలు ఆ చాళ్లలోకి దిగాయంటే బండి పొట్ట గట్టుకు ఆనుకుంటుంది. ఇక నాలుగు చక్రాలూ తిరిగినా బండి కదలదు. సంతకు పోయే బండి అయితే ఒక పూట ఆలస్యం. లోపల పురిటినొప్పులు పడుతున్న మనిషి ఉంటే ఆ ఆలస్యం లెక్కే వేరు. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవారు ముందుగా అడిగే ప్రశ్న, "పెద్ద టైర్లు వేయిస్తే బండి ఎత్తు పెరుగుతుందా?" అని. పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నదే అసలు సంగతి.

జిప్సీ, జిమ్నీ వంటి బండ్లలో ముందూ వెనకా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు మీద డిఫరెన్షియల్ ఉన్న గుండ్రటి ఉబ్బు కిందికి వేలాడుతూ ఉంటుంది. గట్టుకు ముందు తగిలేది అదే. కొందరు స్ప్రింగుల దగ్గర దిమ్మలు పెట్టించి బాడీని పైకి లేపిస్తారు. బండి చూడటానికి ఎత్తుగా కనిపిస్తుంది కానీ, ఇరుసు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇరుసును లేపేది టైరొక్కటే. అందులోనూ టైరు పెరిగినంతా రాదు, సగమే వస్తుంది. ఎందుకంటే ఇరుసు చక్రం నడుమ ఉంటుంది కదా!

ఇప్పుడు లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. టైరు పక్కన 205/70 ఆర్ 15 అని రాసి ఉందనుకుందాం. 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులని, అంటే 143న్నర. కింద ఒక గోడ, పైన ఒక గోడ, కలిపి 287. చివరి 15 రిమ్ము కొలత, అంగుళాల్లో. అది 381 మిల్లీమీటర్లు. మొత్తం 668. ఇది మారుతి జిప్సీ టైరు. తయారీ ఆగిపోయినా ఈ బండి కొండల్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

దీనికి 215/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 703న్నర అవుతుంది. తేడా 35 పైచిలుకు, అందులో సగం దాదాపు 18 మిల్లీమీటర్లు. ముప్పాతిక అంగుళం కంటే కొంచెం తక్కువ. గట్టు మీద ఆ మాత్రం ఎత్తు చాలాసార్లు బండిని దాటిస్తుంది. అదే టైరును జిమ్నీకి వేస్తే? జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్ 15. దాని ఎత్తు ఇప్పటికే 693. కొత్త టైరుతో ఇరుసు లేచేది అయిదు మిల్లీమీటర్లే, పెన్సిలు మందం కూడా కాదు. స్టెపినీతో కలిపి అయిదు టైర్ల డబ్బు దానికి పోయాలా అన్నది మీరే ఆలోచించండి. నా మటుకు నేను పోయను.

దుకాణంలో వెడల్పు టైరు వేయించుకోండి, బండికి ఠీవి వస్తుందంటారు. ఠీవి మాట నిజమే. కానీ ఎత్తునిచ్చేది పక్కగోడ. పైగా పైన బురద, అడుగున గట్టి నేల ఉన్నచోట సన్నటి టైరు బురదను కోసుకుని గట్టి నేలను పట్టుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపులకు 6.00-16 సైజు సన్నటి టైర్లే ఉండేవి. ఇసుకలో మాత్రం వెడల్పు టైరే మేలు.

ఎత్తు పెంచుకుంటే దానికి చెల్లించే మూల్యమూ ఉంది. జిప్సీ లెక్కలో చక్రం నూటికి అయిదు వంతులు పెద్దదైంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 63 మీద పోతుంటుంది. ఎక్కుడులో ఇంజను లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. దిగుడులో బ్రేకు ఆ మేరకు ఎక్కువ శ్రమపడుతుంది. నిండా జనంతో ఘాట్ రోడ్డు దిగే బండికి ఇది చిన్న విషయం కాదు. 235/75 దాకా పోతే కాగితం మీద 33 మిల్లీమీటర్లు వస్తాయి. కానీ స్టీరింగు పూర్తిగా తిప్పి గుంతలో పడినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. కంపెనీ చెప్పిన సైజు దాటితే ఇన్సూరెన్సు వారితో పేచీ కూడా రావచ్చు, ముందే అడిగి ఉంచుకోండి.

డబ్బు చాలక వెనక రెండే పెద్దవి వేయించడం మాత్రం వద్దు. ఈ బండ్లలో ఫోర్ వీల్ వేయగానే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగాలి. టైర్లు హెచ్చుతగ్గులైతే ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. బాగా అరిగిన జత, కొత్త జత కలిపినా కొంతవరకు ఇదే ఇబ్బంది. స్టెపినీ కూడా అదే సైజు ఉండాలి.

టైర్లు వేయించాక షాపులోనే ఒక పని చేయించండి. బండిలో మనుషుల్ని ఎక్కించి, ముందు చక్రం ఒకదాన్ని దిమ్మ మీదికి ఎక్కించి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పమనండి. ఆ తర్వాత రెండో చక్రానికీ అలాగే చేయండి. ఎక్కడ రాసుకున్నా అక్కడే తెలిసిపోతుంది. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మరోసారి బిగించండి.