సరకులు మీకు.. సాయం బడికి!

నెల సరకులు కొన్నారు, బిల్లు కట్టారు. అందులోంచి కొంత మీ ఊరి బడికి వెళ్తే? అదీ మీ జేబులోంచి అదనంగా పైసా పోకుండా! అమెరికాలో ఈ పద్ధతి ఏళ్లుగా నడుస్తోంది. రిటైల్, మార్కెటింగ్, స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఈ లెక్క మీరు తెలుసుకోవాల్సిందే.

ఎలా నడుస్తుంది?

క్రోగర్ సూపర్ మార్కెట్లనే తీసుకోండి. కొనేవాళ్లు తమ రివార్డ్స్ కార్డుకు దగ్గర్లోని బడినో, స్వచ్ఛంద సంస్థనో జత చేసుకుంటారు. ఆ కార్డుతో కొన్నప్పుడల్లా దాని పేరిట లెక్క జమవుతుంది. మూడు నెలలకోసారి డబ్బు అందుతుంది. కొన్నవాళ్ల డిస్కౌంట్లు, పాయింట్లు ఎక్కడికీ పోవు. మరి దుకాణానికేం లాభం? కస్టమర్ పక్క షాపుకెళ్లకుండా మళ్లీ అక్కడికే వస్తాడు.

జనరల్ మిల్స్ 1996లో మొదలుపెట్టిన ‘బాక్స్ టాప్స్ ఫర్ ఎడ్యుకేషన్’ది ఇంకో దారి. ఆహార పదార్థాల ప్యాకెట్ల మీద ఉండే చిన్న ముక్కను కత్తిరించి బడికిస్తే, ముక్కకు 10 సెంట్లు. 2019 నుంచి బిల్లును ఫోన్లో స్కాన్ చేసే పద్ధతికి మారారు.

చిక్కు ఎక్కడ?

అమెజాన్ 2013లో ‘అమెజాన్ స్మైల్’ తెచ్చింది. అర్హత ఉన్న కొనుగోళ్లపై 0.5 శాతం విరాళం. కానీ 10 లక్షలకు పైగా సంస్థలు ఉండటంతో సగటున ఒక్కోదానికి 230 డాలర్లు కూడా రాలేదు. ఆశించిన ప్రభావం లేదంటూ 2023 ఫిబ్రవరిలో ఆపేసింది.

ఇప్పుడో చిన్న లెక్క. ఓ బడి తరఫున 200 కుటుంబాలు చేరి, ఒక్కోటీ నెలకు 500 డాలర్ల సరకులు కొన్నాయనుకుందాం. అర శాతం చొప్పున బడికి నెలకు 500 డాలర్లు. 20 కుటుంబాలే చేరితే? కేవలం 50. అంటే స్కీమ్ ఉంటే సరిపోదు, ఇంటింటికీ చెప్పి నమోదు చేయించే మనిషి కావాలి.

మీకేంటి ఉపయోగం?

ఆ మనిషి మీరే కావొచ్చు! స్వచ్ఛంద సంస్థల్లో నిధుల సేకరణ, రిటైల్లో లాయల్టీ ప్రోగ్రామ్ నిర్వహణ ఇలాంటి పనులే. మాట నేర్పు, ఎక్సెల్, లెక్కలో నిజాయతీ అవసరం.

ఇంటర్వ్యూలో ‘ఇది సీఎస్‌ఆరేనా?’ అని అడిగితే తడబడొద్దు. మన 2013 కంపెనీల చట్టం ప్రకారం దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. తమ సరకుల ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ అందులోకి రాదు.

ఈ సెలవుల్లో మీరు చదువుకున్న బడికి వెళ్లండి. వాళ్లకేం కావాలో అడగండి. తర్వాత తెలిసిన కిరాణా షాపు యజమానితో మాట్లాడి, మూడు నెలలు చిన్నగా చేసి చూడండి. వచ్చిన ప్రతి రూపాయీ రాసి, అందరికీ చూపండి. బడికి నాలుగు పుస్తకాలొస్తాయి. మీ రెజ్యూమెలో చెప్పుకోదగ్గ ఓ నిజమైన పనీ చేరుతుంది.