పాత లారీ, వ్యాన్‌ల వెనుక హౌసింగ్‌లో ఏ ఆయిల్ పోయాలి? ఎలా మార్చాలి?

రాజాం చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది రైతులు సొంతంగానో, అన్నదమ్ములతో కలిసో ఒక పాత వ్యానో, చిన్న లారీయో నడుపుతున్నారు. ధాన్యం బస్తాలు, మొక్కజొన్న, గోగునార, సంకిలి ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు అన్నీ దాని మీదే. ఇంజిన్ ఆయిల్ గుర్తుపెట్టుకుని మారుస్తాం. వెనుక చక్రాల మధ్య ఇరుసుకు ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ హౌసింగ్‌ను మాత్రం శబ్దం వచ్చేదాకా పట్టించుకోం.

శబ్దం మొదలయ్యాక ఆయిల్ మార్చినా అరిగిన పళ్లు తిరిగి రావు. క్రౌన్, పినియన్ రెండూ జతగా మార్చాలి. చెరకు లోడుతో బండి దారిలో ఆగిపోతే మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు, ఎండిన చెరకు తూకం కూడా తగ్గుతుంది. అందుకే ఈ పని సీజనుకు ముందే చేసుకోండి.

ఇంజిన్ ఆయిల్ ఎందుకు పనికిరాదు?

ఇంజిన్ నుంచి జాయింటు షాఫ్ట్ తెచ్చే తిప్పుడును చిన్న పినియన్ పెద్ద క్రౌన్‌కు అందించి, చక్రాల వైపు మళ్లిస్తుంది. చాలా బండ్లలో పినియన్ క్రౌన్ మధ్య గీతకు కాస్త పక్కగా ఉంటుంది. దీన్నే హైపాయిడ్ గేరు అంటారు. ఇందులో పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ గట్టిగా నొక్కుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చెదిరిపోతుంది. అందుకే గేర్ ఆయిల్‌లో గంధకం, భాస్వరం ఉన్న ప్రత్యేక మందులు కలుపుతారు. అవి పళ్ల మీద పొరలా ఏర్పడి ఇనుము ఇనుముకు రాసుకోకుండా కాపాడతాయి.

డబ్బా మీద రెండు విషయాలు చూడండి

మొదటిది, జీఎల్ నంబరు. హైపాయిడ్ గేర్లకు సాధారణంగా జీఎల్-5 కావాలి. జీఎల్-4 అంత ఒత్తిడిని తట్టుకోదు. షాపులో "90 ఆయిల్ ఇవ్వండి" అని మాత్రమే అడిగితే ఏది చేతికొస్తుందో చెప్పలేం. "క్రౌన్‌కు, జీఎల్-5" అని చెప్పి, డబ్బా మీద చదివి తీసుకోండి. బ్రాండు కంటే ఈ నంబరే ముఖ్యం.

రెండోది, చిక్కదనం. 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140 అని రాసి ఉంటుంది. డబ్ల్యూకు ముందున్న అంకె చలిదేశాలకు ముఖ్యం, మన దగ్గర దానితో పెద్దగా పనిలేదు. తర్వాతి అంకె వేడిలో చిక్కదనం చెబుతుంది. 90 అంటే 40 నంబర్ ఇంజిన్ ఆయిల్‌కు రెండింతలు చిక్కన అనుకోవద్దు. కొలతలు వేరు. 90 గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపు 40, 50 ఇంజిన్ ఆయిల్ అంతే ఉంటుంది.

బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయండి. పుస్తకం పోతే బండి మోడల్, తయారైన సంవత్సరం చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగండి. 90 చెప్పిన బండిలో శబ్దం తగ్గుతుందని 140 పోస్తే శబ్దం దాగుతుంది గానీ అరుగుదల ఆగదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి:

• మిగిలిన జీఎల్-5 ఆయిల్‌ను గేర్‌బాక్స్‌లో పోయవద్దు. కొన్ని గేర్‌బాక్సుల్లోని ఇత్తడి రింగులను అది తినేస్తుంది. పుస్తకంలో జీఎల్-5 అని ఉంటేనే పోయాలి.
• ట్రాక్టర్‌లోనూ పోయవద్దు. చాలా ట్రాక్టర్లలో వెనుక గేర్లు, హైడ్రాలిక్, ఆయిల్‌లో మునిగే బ్రేకులు ఒకే ఆయిల్‌తో పనిచేస్తాయి. దానికి వేరే ఆయిల్ ఉంది.

ఎప్పుడు మార్చాలి?

పుస్తకంలోని కిలోమీటర్ల లెక్క పాటించండి. ఏడాదంతా తక్కువ తిరిగి, సీజనులో మాత్రం నిండు లోడుతో నడిచే బండికి ఏటా సీజను ముందు ఒకసారి బోల్టు విప్పి ఆయిల్ చూడటం మంచిది. సెకండ్‌హ్యాండ్ బండి కొంటే వెంటనే మార్చేయండి. శబ్దం వినిపించకుండా హౌసింగ్‌లో రంపపు పొట్టు కలిపి అమ్మే మోసం పాతదే.

వానల్లో వాగు నీళ్లలోంచి హౌసింగ్ మునిగేలా బండి నడిపితే రోజులు ఆగకుండా చూడండి. వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల దగ్గర నుంచి, గాలి గొట్టం నుంచి నీటిని లోపలికి లాక్కుంటుంది.

మార్చే పద్ధతి

1. కొంతదూరం నడిపి తెచ్చి చదునైన చోట ఆపండి. ఆయిల్ వెచ్చగా ఉంటే మడ్డితో సహా దిగుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కిందికి వెళ్లవద్దు.
2. బోల్టుల చుట్టూ మట్టి తుడవండి. ముందుగా పైనున్న ఆయిల్ పోసే బోల్టు విప్పండి. కింది బోల్టు విప్పి ఆయిల్ పోయాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది.
3. కింద తొట్టి పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పండి. ఆయిల్ వేడిగా ఉంటుంది, చేతులు జాగ్రత్త. చుక్కలు ఆగేదాకా దిగనివ్వండి.
4. బోల్టు తుడిచి, వాషర్ పాడైతే కొత్తది వేసి బిగించండి.
5. చేతి పంపుతో కొత్త ఆయిల్ పోయండి. చాలా బండ్లలో పోసే రంధ్రం కింది అంచు దాకా వస్తే చాలు. పాత ఆయిల్ ఎంత దిగిందో అంతే పోస్తే సరిపోదు, కొంత ముందే కారిపోయి ఉండవచ్చు. మరీ ఎక్కువ పోస్తే నురగ కట్టి సీళ్ల నుంచి బయటికి వస్తుంది.
6. హౌసింగ్ పైనున్న గాలి గొట్టాన్ని శుభ్రం చేయండి. మెకానిక్‌లు దీన్నే బ్రీదర్ అంటారు. మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మంచి సీలు కూడా కారుతుంది.

దిగిన ఆయిల్ ఏం చెబుతుంది?

• నల్లగా ఉండి, బోల్టు అయస్కాంతానికి సన్నని బూడిద రంగు ముద్ద అంటితే అది మామూలు అరుగుదల.
• పాలలా తెల్లబడితే నీరు చేరింది. మార్చడంతో పాటు నీరు వచ్చిన దారి వెతకాలి.
• చేతికి తగిలే ఇనుప ముక్కలు, పంటి విరుపులు ఉంటే కొత్త ఆయిల్ పోసి నడపవద్దు. హౌసింగ్ విప్పించండి.
• చాలా తక్కువ దిగితే పినియన్ సీలు, చక్రాల సీళ్లు చూడండి. చక్రం సీలు కారితే ఆయిల్ బ్రేకు లైనర్ల మీద పడుతుంది. లోడుతో ఉన్నప్పుడు బ్రేకు పట్టకపోతే ప్రాణాలకే ముప్పు. ఈ మరమ్మతు వాయిదా వేయవద్దు.

పాత ఆయిల్‌ను కాలువలోనో, గట్టు మీదనో పారబోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించే షెడ్డుకు ఇవ్వండి. చివరగా మార్చిన తేదీ, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ నంబరు డ్రైవర్ తలుపు లోపల పెయింటుతో రాసుకోండి. వచ్చే సీజనుకు మీరు మరిచినా తలుపు గుర్తుచేస్తుంది.