మన స్వభావం - పశువు చేపు

మనుషుల స్వభావాలను రకాలుగా చూడటం పాత అలవాటే. ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులు అన్నది. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ దేహంలోని రసాలను బట్టి స్వభావం ఏర్పడుతుందన్నాడు. నేటి శాస్త్రం మనుషులను అలా విడగొట్టదు. కోపం, నిదానం, బెరుకు అందరిలోనూ ఉంటాయి, పాళ్ళలోనే తేడా.

పాడి రైతుకు ఈ సంగతి ఎందుకు? దూడ కుడిచినా, పొదుగు కడిగి నిమిరినా పశువు మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలు చేపుతుంది. ఆ ప్రభావం కొద్ది నిమిషాలే. అప్పుడు మనం అరిచినా, కొట్టినా పశువు బెదిరి చేపు ఆపేస్తుంది. చివరి ధారల్లోనే వెన్న ఎక్కువ. అవి పొదుగులో మిగిలిపోతే కొలతతోపాటు వెన్న శాతమూ, దానితో ధరా తగ్గుతాయి.

కనుక సభ్యులకు మేము చెప్పేది ఇది: తొందరపడేవారు కేంద్రం వేళకు చాలా ముందే కొట్టంలోకి వెళ్ళాలి. ముక్కోపులు పితికే పని ఇంట్లో శాంతపరులకు అప్పగించి, మేత, పేడ పనులు చూసుకోవాలి. మరీ నిదానస్తులు చేపు ఉండగానే పితకడం ముగించాలి.

"నా స్వభావమే ఇంత" అని ఊరుకోవడం తనను తాను తెలుసుకోవడం కాదు. తెలుసుకుని పనిని సర్దుకుంటేనే ఫలితం. అది రోజూ పాల పుస్తకంలో కనబడుతుంది.