విషజ్వరం తగ్గాక మతిమరుపు, ఏకాగ్రత లోపం: రైతులు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జ్వరం తగ్గి రెండు వారాలైంది. ఒళ్లు కాస్త కుదుటపడింది. కానీ బోరు మోటారు వేసి ఆపడం మరిచిపోతున్నారు. తెలిసిన మనిషి పేరు నోటికి రావడం లేదు. మందు డబ్బా మీద కొలత చదివి, ట్యాంకు దగ్గరికి వెళ్లేసరికి అది ఎంతో గుర్తుండటం లేదు. డెంగీ, చికున్‌గున్యా, కొవిడ్ వంటి వైరల్ జ్వరాల తర్వాత కొంతమందికి ఇలా జరుగుతుంది. ఇది బద్ధకం కాదు, పిచ్చీ కాదు. చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో క్రమంగా తగ్గుతుంది. అప్పటిదాకా సేద్యం ఆగదు కాబట్టి, మరుపు వల్ల నష్టం జరగకుండా పని తీరు మార్చుకోవడం ముఖ్యం.

ఎందుకు వస్తుంది?

మన శరీర బరువులో మెదడు దాదాపు 2 శాతమే. కానీ శరీరం వాడే శక్తిలో సుమారు 20 శాతం దానికే కావాలి. వైరస్‌తో పోరాడే సమయంలో శరీరంలో కలిగే మార్పుల ప్రభావం మెదడు మీద కూడా పడుతుంది. దానికి తోడు సరిగా తినకపోవడం, రక్తహీనత, కీళ్ల నొప్పులతో నిద్ర పట్టకపోవడం, అప్పుల దిగులు కలిస్తే మనసు ఒక పని మీద నిలవదు. కొవిడ్ వచ్చిన 3 నెలల తర్వాత కూడా కనిపిస్తూ, కనీసం 2 నెలలు ఉండే నీరసం, ఆయాసం, మతిమరుపు వంటి లక్షణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే ఒక ఆరోగ్య సమస్యగా నిర్వచించింది. కాబట్టి డాక్టరుకు చెప్పుకోవడానికి మొహమాటపడొద్దు.

ప్రమాదం ఉన్న పనులు ఒంటరిగా చేయొద్దు

• పురుగుమందు కలిపేటప్పుడు పక్కన మరొకరు ఉండాలి. కొలతను వాళ్లు పైకి చదవాలి, మీరు పోయాలి. వేరుశనగ విత్తనశుద్ధిలో కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ వంటి లెక్కలను అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి కొట్టంలో తగిలించండి.
• పోసిన మందు గుర్తులేక రెండోసారి పోయడం ఈ దశలో జరిగే తప్పు. ట్యాంకులో మందు పోసిన వెంటనే గోడ మీద సుద్దతో ఒక గీత పెట్టండి.
• మోటారు స్టార్టర్, నూర్పిడి యంత్రం, ట్రాక్టరు పనులను తల తేలికయ్యేదాకా ఇంట్లో వేరొకరికి అప్పగించండి. కళ్లు తిరుగుతుంటే బండి నడపొద్దు.
• మతిమరుపు, తలనొప్పి, చూపు మసకబారడం, నోట్లో నీళ్లూరడం మందు పిచికారీ తర్వాతే మొదలైతే అది జ్వరం ప్రభావం కాకపోవచ్చు. మందు డబ్బా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తల మీది బరువును కాగితం మీదికి మార్చండి

అన్నీ గుర్తుపెట్టుకోవాలని తంటాలు పడితే తల మరింత అలసిపోతుంది. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. విత్తిన తేదీ, తడి ఇచ్చిన తేదీ, కూలీల లెక్క, ఎవరికి ఎంత ఇచ్చారో అప్పటికప్పుడే రాయండి. రాయడం రాకపోతే ఫోనులో మాట రికార్డు చేసుకోండి. మోటారు వేయగానే ఆపాల్సిన సమయానికి అలారం పెట్టండి.

ఈ-క్రాప్ నమోదు, పంటల బీమా, బంగారు రుణం గడువులను గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. కిసాన్ క్రెడిట్ కార్డు రుణాన్ని గడువులోపు కడితే వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ, తేదీ మరిచిపోతే పోతుంది.

పనిని ముక్కలు చేయండి

ఎండ ముదరకముందే, తల తేటగా ఉన్నప్పుడే లెక్కల పని, బ్యాంకు పని చూసుకోండి. మొదట్లో 20 నుంచి 30 నిమిషాలు పని చేసి, నీడన కూర్చుని నీళ్లు తాగండి. ఒకసారికి ఒక్క పనే పెట్టుకోండి. ఈరోజు బాగుందని రెండింతలు చేస్తే మరుసటి రోజు లేవలేకపోవచ్చు. అలా జరిగితే పని తగ్గించండి. రెండు మూడు రోజులు ఇబ్బంది లేకపోతేనే కొద్దిగా పెంచండి. ఇంట్లో ఆడవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. జ్వరం దిగిన రోజే పొయ్యి, పాలు, కలుపు అన్నీ వాళ్ల మీద వేయొద్దు.

తిండి, నిద్ర

రాగి సంగటి, పప్పు, ఆకుకూరలు, ఉడికించిన వేరుశనగలు, గుడ్డు మన ఇళ్లలో దొరికే బలమైన తిండి. గుడ్డు, మాంసం తినని వారు పాలు, పెరుగు తప్పక తీసుకోవాలి. భోజనం చేయగానే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు; గంట ఆగండి. సారాయి, మద్యం మానాలి. అడవి పందుల కాపలాకు రాత్రిళ్లు మేలుకునేవారు కొన్నాళ్లు ఇంట్లో వాళ్లతో వంతులు వేసుకోండి.

ఈ సమస్యకు జ్ఞాపకశక్తి టానిక్కులు, గ్లూకోజు బాటిళ్లు మందు కావు. వాటికి పెట్టే డబ్బుతో పరీక్షలు చేయించుకోవడం మేలు.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

నెల దాటినా మార్పు లేకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ వెళ్లండి. బీపీ, షుగరు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షల గురించి అడగండి. వీటిలో తేడా వల్ల వచ్చే మతిమరుపుకు చికిత్స ఉంది. వాడుతున్న మాత్రలన్నీ చూపించండి; నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా మనిషిని మందకొడిగా చేస్తాయి.

మూతి వంకర పోవడం, చేయి లేదా కాలు పడిపోవడం, మాట తడబడటం, ఫిట్స్, జ్వరంతో పాటు మెడ బిగుసుకుని పొంతన లేకుండా మాట్లాడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. బతుకు మీద విరక్తి, నిద్రలేమి వేధిస్తుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మళ్లీ జ్వరం రాకుండా

వాన తక్కువగా పడే మన జిల్లాలో నీళ్లు నిల్వ పెట్టుకోక తప్పదు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ దోమ ఆ నిల్వ నీటిలోనే గుడ్లు పెడుతుంది. 2005 చివర్లో చికున్‌గున్యా దేశంలో మళ్లీ విజృంభించినప్పుడు ముందుగా దెబ్బతిన్న ప్రాంతాల్లో రాయలసీమ ఒకటి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే తొట్లు, బానలు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి, లోపలి అంచులు పీచుతో రుద్ది కడగాలి. అంచులకు అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. నింపాక గుడ్డ కట్టి మూత పెట్టండి. ఈ దోమ పగలే కుడుతుంది కాబట్టి చేలో పనిచేసేటప్పుడు చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.