ఆడుకుంటనే కోచ్ అయిండు.. బిల్ రస్సెల్ ఎవరో ఎరుకేనా?

ఫోన్ల బాస్కెట్‌బాల్ రీల్ వస్తే మనం ఎవర్ని జూస్తం? ఎగిరి రింగుల బాల్ గుద్దేటోన్ని జూస్తం. లైక్ కొడ్తం, కిందికి జరుపుతం. ఆ బాల్ వాని చేతికి ఎట్లొచ్చింది, అవతలోని దగ్గర్నుంచి ఎవరు గుంజుకొచ్చి ఇచ్చిండ్రు అని మాత్రం అడగం. ఇయ్యాల చెప్పేది అట్ల గుంజుకొచ్చి ఇచ్చినోని కథ.

పేరు బిల్ రస్సెల్. అమెరికాల ఎన్‌బీఏ అని పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఉన్నది గదా, అందుల బోస్టన్ సెల్టిక్స్ టీమ్‌కు 13 సీజన్లు ఆడిండు. 11 సార్లు ఆ టీమే చాంపియన్. ఆఖరి రెండు కప్పులైతే ఆటగాడు ఆయనే, కోచ్ కూడా ఆయనే. ఎన్‌బీఏల తొలి నల్లజాతి హెడ్ కోచ్ గూడ ఆయనే. ఈ మూడు ముక్కలు గూగుల్ కొడితే దొరుకుతయి. వాటి ఎనుక ఉన్న కథ తెలవాలె.

పుట్టింది యాడ?

1934 ఫిబ్రవరి 12న లూసియానా రాష్ట్రంల మన్రో అనే ఊర్ల పుట్టిండు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్ల అప్పుడు నల్లోళ్లకు బడి వేరు, బస్సుల సీటు వేరు. వాళ్ల నాయిన పెట్రోల్ బంకుకు పోతే, తెల్లోళ్ల బండ్లన్నిటికి పోసినంక పోస్తా ఆగుమన్నరట. వద్దు పోతా అంటే మొకానికి తుపాకి పెట్టిండ్రట. అమ్మ మంచి బట్టలు కట్టుకొని బజారుకు పోతే, తెల్ల ఆడోళ్ల లెక్క తయారైనవేంది, ఇంటికి పోయి విప్పెయ్ అని పోలీసు బెదిరించిండట. పిలగాడు ఇవన్నీ చూసుకుంట, వినుకుంట పెరిగిండు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్ల ఆ కుటుంబం పని ఎతుక్కుంట కాలిఫోర్నియాల ఓక్లాండ్‌కు వలస పోయింది. పన్నెండేండ్లకే అమ్మ చనిపోయింది. నాయిన పిల్లల దగ్గర ఉండొచ్చని లారీల పని ఇడిసిపెట్టి ఉక్కు పనికి కుదిరిండు.

బడిల రస్సెల్ గొప్ప ఆటగాడేం కాదు. పొడుగు ఉన్నడు గానీ ఆట రాదు. టీమ్ల ఉంచుడా తీసుడా అన్నకాడ ఒక కోచ్ ఓపిక పట్టి ఉంచిండు. ఆడుకో, నేర్సుకో అన్నడు. బడి అయినంక స్కాలర్‌షిప్ ఇస్తమని వచ్చింది ఒక్కటే కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ కాలేజీయే 1955ల, 1956ల దేశం మొత్తం మీద చాంపియన్ అయింది. మధ్యల 1954ల ఓక్లహోమా సిటీల టోర్నమెంట్‌కు పోతే, నల్లోళ్లకు రూమ్ ఇయ్యమని హోటళ్లు అన్నయి. అప్పుడు తెల్ల పిలగాండ్లు గూడ హోటల్ వద్దనుకొని, టీమంతా ఖాళీగ ఉన్న కాలేజీ హాస్టల్ల పండుకున్నరు. టీమ్ అంటే ఏందో ఆడనే తెలిసింది.

లెక్కల రాని పని

ఇప్పుడు జర ఆట సంగతి చెప్పుకుందాం. బాస్కెట్‌బాల్ల రింగు పది అడుగుల ఎత్తుల ఉంటది. ఒక్కో టీమ్‌కు ఐదుగురు. బాల్ రింగుల పడకుండ ఎగిరొస్తే దాన్ని పట్టుకునుడే రీబౌండ్. అవతలోడు ఏసిన బాల్‌ను గాలిలనే ఆపుడు బ్లాక్. ఆ కాలంల కోచ్‌లు ఏం చెప్పేటోళ్లంటే, డిఫెన్స్ చేసేటప్పుడు కాళ్లు నేల మీదనే ఉండాలె, ఎగరొద్దు. రస్సెల్ ఎగిరిండు. ఆరడుగుల పది అంగుళాల మనిషి, ఎగిరితే అవతలోళ్లకు రింగే కనబడకపోవు.

ఇంకో తెలివి ఉండె. చానమంది బ్లాక్ చేస్తే బాల్‌ను ప్రేక్షకుల్లకు కొడ్తరు. చూసెటందుకు మంచిగుంటది, చప్పట్లు పడ్తయి. కానీ బాల్ మళ్ల అవతలోళ్లకే పోతది. రస్సెల్ అట్ల కొట్టకపోతుండె. మెల్లగ తట్టి తన టీమోని చేతిల పడేటట్టు చేస్తుండె. వాడు అందుకొని ఉరికి రెండు పాయింట్లు ఏస్తుండె. ఆ పాయింట్లు ఉరికినోని ఖాతాల పడ్తయి. తట్టినోని ఖాతాల ఏం పడది. ఎందుకంటే ఎన్‌బీఏల బ్లాకులు లెక్క రాసుడు షురూ అయిందే 1973-74 సీజన్ నుంచి. రస్సెల్ 1969లనే రిటైరయిండు. అంటే ఆ ఆటల అందరికంటే పెద్ద పనిమంతుని అసలు పనికి అధికారిక లెక్కే లేదు. మన అమ్మలు పొద్దందాక చేసే పని ఏ కాయితంల ఎక్కనట్టు.

ఎక్కిన లెక్కలే మస్తున్నయి అనుకోండ్రి. 21,620 రీబౌండ్లు, మ్యాచ్‌కు సగటున 22.5. పాయింట్లు మాత్రం సగటున 15. బెస్ట్ ప్లేయర్ అవార్డు ఐదు సార్లు వచ్చింది. కాలేజీలల్ల రింగు కింద గీసే గీతల జాగను ఆరడుగుల నుంచి పన్నెండడుగులకు పెంచిండ్రు. ఆయన అక్కడ నిలబడితే ఎవ్వలతోటి కావట్లేదని రూలే మార్చిండ్రన్నట్టు.

కప్పులు ఇచ్చినా ఇజ్జత్ ఇయ్యలే

1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌ల బంగారు పతకం తెచ్చి, డిసెంబర్ల సెల్టిక్స్‌ల చేరిండు. రెడ్ ఆర్బాక్ అని గట్టి కోచ్. మొదటి సీజన్లనే, 1957ల, కప్పు. మళ్ల 1959 నుంచి 1966 దాక వరుసగ ఎనిమిది. ఇట్లాంటిది ఎన్‌బీఏల ఇంకెవ్వలూ చెయ్యలే.

మరి ఊరు నెత్తిన పెట్టుకోవాలె గదా? రెడింగ్ అనే ఊర్ల ఆయన ఇంట్ల దొంగల లెక్క జొరబడి, గోడల మీద జాతి తిట్లు రాసి, పండుకునే మంచం మీద మలం పోసిపోయిండ్రు. 1961ల కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌కు ఆడెటందుకు పోతే, హోటల్ కాఫీ షాపుల టీమ్‌లోని ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లకు తిండి పెట్టమన్నరు. రస్సెల్, తోటి నల్లజాతి ఆటగాళ్లు కలిసి ఆట ఆడకుండనే ఎల్లిపోయిండ్రు. తినెటందుకు పనికిరానోళ్లం, మీకు ఆడి చూపెట్టెటందుకు ఎట్ల పనికొస్తం అన్న లెక్క.

1963ల మిసిసిపీల ఉద్యమ నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపినంక, ఆ జాక్సన్ ఊరికే పోయి తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు కలిసి నేర్సుకునే శిబిరం పెట్టిండు. 1967ల మహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి పోనంటే, క్లీవ్‌లాండ్‌ల అలీ పక్కన కూసున్నోళ్లల్ల ఈయన ఒకడు.

ఆటగాడే కోచ్

1966ల ఆర్బాక్ కోచ్ పని దిగిపోయిండు. రస్సెల్‌ను నువ్వే చెయ్యి అన్నడు. అప్పుడు ప్రెస్‌మీట్ల ఒక విలేకరి అడిగిండు: నల్లోనివి గదా, తెల్ల ఆటగాళ్లతోటి వివక్ష లేకుండ ఉంటవా అని. తరతరాలుగ తెల్ల కోచ్‌లను ఎవ్వలూ అడగని ప్రశ్న ఇది. ఆటల మనిషికి ఇజ్జత్ ఆని సత్తాను బట్టే అన్న అర్థంల జవాబిచ్చిండు, అంతే.

ఆటగాడే కోచ్ అయితే తిప్పలు ఎట్లుంటయో సోచాయించుండ్రి. తానే ఉరుకాలె, తానే ఎగరాలె, ఎవర్ని ఎప్పుడు బయటికి పిలవాల్నో తానే చూడాలె. మొదటి సీజన్ల 60 మ్యాచ్‌లు గెలిచినా ఫిలడెల్ఫియా చేతిల ఓడిపోయిండ్రు. ఎనిమిదేండ్ల వరుస తెగింది. ఓటమిని ఒప్పుకొని, సీనియర్ ఆటగాళ్లను దగ్గరికి తీసి సలహాలు అడుగుడు మొదలువెట్టిండు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిండ్రు. తెల్లారే ఫిలడెల్ఫియాతోటి మ్యాచ్. మనసుల దుఃఖం పెట్టుకొనే ఆడిండ్రు. ఆ సిరీస్‌ల 3-1తోటి ఎనుకబడి, వరుసగ మూడు గెలిచిండ్రు. ఎన్‌బీఏల అట్ల తేరుకున్న తొలి టీమ్ అదే. ఆ ఏడు కప్పు గూడ కొట్టిండ్రు.

1969ల అందరు ముసలోళ్లయిండ్రు, టీమ్ నాలుగో స్థానంల ఉన్నది. ఫైనల్ల ఏడో మ్యాచ్ లాస్ ఏంజెలెస్‌ల. లేకర్స్ ఓనరు గెలుపు మనదే అని పైకప్పుకు బెలూన్లు కట్టిపిచ్చిండు. 108-106తోటి సెల్టిక్స్ గెలిచిండ్రు. బెలూన్లు ఆడనే ఉండిపోయినయి. ఆ మ్యాచ్‌ల రస్సెల్ ఏసిన పాయింట్లు ఆరే. రీబౌండ్లు 21. అదే ఆఖరి ఆట.

తర్వాత సియాటిల్‌కు 1973 నుంచి నాలుగేండ్లు కోచ్‌గ చేసి, 1975ల ఆ టీమ్‌ను తొలిసారి ప్లేఆఫ్స్‌కు తీస్కపోయిండు. 1987ల శాక్రమెంటోల మాత్రం 17 గెలుపులు, 41 ఓటములు. సీజన్ కాకముందే దింపిండ్రు. దాచేదేం లేదు. తనకు వచ్చిన విద్య ఇంకొకనికి వచ్చేటట్టు చేసుడు వేరే విద్య, అన్నిచోట్ల ఒక్కతీరు పారది.

తమ్మీ, చెల్లె, ఆఖరికి ఒక్క ముచ్చట. 1975ల హాల్ ఆఫ్ ఫేమ్‌ల పేరు చేర్చిండ్రు. అందుల చేరిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. కానీ రస్సెల్ పోలే. నాకంటే ముందు ఉండాల్సినోళ్లు ఉన్నరు అన్నడు. 1950ల ఎన్‌బీఏ టీమ్ ఎంచుకున్న తొలి నల్లజాతి ఆటగాడు చక్ కూపర్. ఆయనకు 2019ల ఆ గౌరవం దక్కినంకనే రస్సెల్ తన ఉంగరం తీసుకున్నడు. 44 ఏండ్లు ఆగిండు.

2021ల కోచ్‌గ గూడ అదే హాల్ ఆఫ్ ఫేమ్‌ల చేరిండు. 2022 జులై 31న, 88 ఏండ్ల వయసుల కన్నుమూసిండు. ఆయన ఏసుకున్న 6 నంబర్‌ను ఎన్‌బీఏ టీమ్‌లన్నీ పక్కన పెట్టినయి. ఇగ కొత్తగ ఎవ్వలకూ ఇయ్యరు.

మీ ఊరి టీమ్ల గూడ ఒకడుంటడు. పాయింట్లు వానియి ఉండయి, ఫొటోల మూలకు నిలబడ్తడు, వాడు రాకుంటే మాత్రం టీమ్ ఓడిపోతది. రేపు గ్రౌండుకు పోయినప్పుడు వాడెవడో జర సూడుండ్రి.