జబ్బుతో ఉన్న పిల్లల రాత్రి నిద్ర: ముందు రాసుకుందాం



ఆదివారం భజన అయ్యాక ప్రసాదం దగ్గర తల్లులు చెప్పుకునే మాటల్లో ఒకటి తరచూ మా చెవిన పడుతుంది: "రాత్రి మళ్లీ నిద్ర లేదమ్మా." ఉబ్బసం, తలసేమియా, చక్కెర జబ్బు, మూర్ఛ... ఏళ్ల తరబడి ఉండే జబ్బు ఏదైనా, పగలు చూడడానికి డాక్టరు ఉంటారు. రాత్రి భారం మాత్రం ఇంటివాళ్లదే. మా అబ్బాయికి ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. మేము వైద్యులం కాము, మాది సాఫ్ట్‌వేర్ పని. మాకు మేలు చేసిన ఒక పద్ధతి మీకూ పనికొస్తుందని రాస్తున్నాం.

కిందటి వేసవిలో వాడు తెల్లవారుజామున రెండు, మూడు గంటలకు దగ్గుతూ లేచేవాడు. మొదట ఫోను చూడడం వల్ల అనుకున్నాం. తర్వాత చల్లటి నీళ్లు అనుకున్నాం. నాయనమ్మ దిష్టి తీసింది. ఒక్కోరోజు విసుగొచ్చి వాణ్ణే కసిరాం. చివరికి మా పనిలో రోజూ చేసేదే ఇంట్లోనూ చేశాం. ప్రోగ్రాం ఆగిపోతే ఊహతో మార్పులు చేయం, ఏ క్షణంలో ఏం జరిగిందో ముందు చూస్తాం. అలాగే ఒక నోటుబుక్కు పెట్టి 14 రాత్రులు రాశాం.

ఏం రాయాలి?

పడుకున్న సమయం, లేచిన సమయం, లేచినప్పుడు ఏం కనిపించింది (దగ్గు, నొప్పి, దురద, చెమట, భయం), మళ్లీ ఎంతసేపటికి నిద్రపోయాడు, ఆ రోజు మందులు ఏ వేళకు వేశాం, గదిలో ఏముంది. రోజుకు ఐదారు ముక్కలు చాలు.

రెండు వారాల తర్వాత చూస్తే, వాడు లేచిన ఆరు రాత్రుల్లో ఐదు కరెంటు పోయిన రాత్రులే. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, దోమలు వస్తాయి, మేము దోమల చుట్ట వెలిగిస్తాం. ఆ పొగే వాడి ఊపిరికి పడలేదు. దానికితోడు, రోజూ పీల్చాల్సిన నివారణ ఇన్‌హేలర్ రెండు మూడు రోజులు మరిచిపోయామని కూడా ఆ పుస్తకమే చెప్పింది.

పుస్తకం చూసి డాక్టరు ఒక మాట అన్నారు: ఉబ్బసంతో పిల్లవాడు రాత్రి లేస్తున్నాడంటే జబ్బు అదుపులో లేదని అర్థం, అది నిద్ర సమస్య కాదు. తెల్లవారుజామున శ్వాసనాళాలు ఎవరికైనా కొంచెం ఇరుకవుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ఎక్కువ. స్పేసర్‌తో ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో మళ్లీ చేయించి చూపించారు. స్పేసర్‌కు కరెంటు అక్కర్లేదు కనుక మన తన్లిన్ రాత్రులకు అది పెద్ద ధైర్యం. చుట్ట మానేసి దోమతెర కట్టాం. సాంబ్రాణి, అగరొత్తులు మానలేదు. సంధ్యవేళ ముందు గదిలో, కిటికీలు తెరిచి వెలిగిస్తున్నాం. వాడు పడుకునే గదిలోకి మాత్రం పొగ రానివ్వం.

ఇతర జబ్బుల్లో ఏం గమనించాలి?

తలసేమియా పిల్లల్లో కొందరికి ఒంట్లో పేరుకున్న ఇనుమును తీయడానికి డెస్ఫెరాల్ మందును రాత్రిపూట 8 నుంచి 12 గంటలు చిన్న పంపుతో చర్మం కిందికి ఎక్కిస్తారు. సూది గుచ్చిన చోటు నొప్పి, వాపు ఏ రాత్రి ఉన్నాయో రాస్తే, చోటు మార్చాలా, మాత్రలు సరిపోతాయా అని డాక్టరును అడగవచ్చు.

ఇన్సులిన్ వాడే పిల్లలు చెమటతో, వణుకుతో లేస్తే చక్కెర పడిపోయిందేమో వెంటనే పరీక్షించాలి. మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే చక్కెర పెరిగిందేమో చూడాలి. మూర్ఛ ఉన్న పిల్లలకు నిద్ర తగ్గడమే ఫిట్స్‌కు దారి తీయవచ్చు. పండుగ జాగరణల్లో వాళ్లను వేళకు పడుకోబెట్టడం తప్పేమీ కాదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే ఏ బిడ్డనైనా డాక్టరుకు చూపించాలి.

అందరికీ పనికొచ్చేవి

6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 3 నుంచి 5 ఏళ్లవాళ్లకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. పడుకునే వేళ, లేచే వేళ సెలవు రోజుల్లోనూ మార్చకండి. స్నానం, మందు, చిన్న కథ, దీపం తగ్గించడం... రోజూ ఇదే వరుసలో జరిగితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. పడుకునే ముందు గంటసేపు ఫోను వద్దు. స్టెరాయిడ్ మాత్రలు సాయంత్రం వేస్తే నిద్ర చెడవచ్చు, ఉదయం వేయవచ్చా అని డాక్టరును అడగండి. మగత వస్తుంది కదా అని జలుబు మందు, దగ్గు మందు నిద్ర కోసం తాగించవద్దు. ఊపిరి ఇబ్బంది ఉన్న బిడ్డకు అది ప్రమాదం.

పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, ఊపిరి అందక మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగవద్దు. అర్ధరాత్రి వంతెన దాటి యాంగోన్ వెళ్లాల్సి వస్తే ఎవరి బండి, ఎవరికి ఫోను అన్నది ఈ రోజే కాగితం మీద రాసి తలుపు వెనుక అంటించండి.

ఇంకొక మాట. తల్లి ఒక్కతే ప్రతి రాత్రీ మేలుకుంటే ఆమె కూడా రోగి అవుతుంది. మా ఇంట్లో వంతులు వేసుకున్నాం. ఒక రాత్రి ఒకరు, మరో రాత్రి ఇంకొకరు. నాయనమ్మ తెల్లవారుజాము వంతు తానే అడిగి తీసుకుంది.

మా వాడు ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తాడు. కానీ పోయిన నెలలో లేచింది ఒక్క రాత్రే. ఆ రాత్రి ఎందుకు లేచాడో మాకు తెలుసు. వాణ్ణి కసరడం మాత్రం మానేశాం.

14 రాత్రుల పట్టికను కాగితం మీద వేసి ఆలయ కార్యాలయంలో ఉంచుతున్నాం. కావలసినవారు తీసుకోండి. నింపాక దాన్ని మీ డాక్టరుకే చూపించండి, ఆయన చెప్పకుండా ఏ మందూ మార్చకండి. రాయడం కష్టమైన పెద్దవాళ్లుంటే ఆదివారం భజన తర్వాత మమ్మల్ని అడగండి, పక్కన కూర్చుని రాసిపెడతాం.